నూలుమిల్లులో చిత్రప్రదర్శనము

జర్మనీదేశమందలి లైప్‌జిగ్ పట్టణపు పడమటి భాగమున 1884లో స్థాపింపబడిన గొప్ప నూలుమిల్లు గలదు. 1907 నాటికి అందు 2,40,000 కదుళ్లు తిరుగుచుండెను. పనివారి యిండ్లును, వారి బిడ్డలకు శిశువిహారమును దానికి చేరియే యుండెను. 1990లో రెండు జర్మనీలును ఏకమైన పిమ్మట కొలది యేండ్లలోనే నూలు వడకుట నిలిచిపోయెను. యంత్రములు పోయినవి, కట్టడములు మిగిలినవి. చిత్రకారులు స్వల్పపు అద్దెకు వానిలో చేరిరి.

వారికి మిల్లుతో నేమి పని యని మన విద్యార్థు లడుగవచ్చును. తెగిన నూలుపోగు పనివాని కంటికి వెంటనే కనబడవలెను గదా! అందుచేత మిల్లులకు పెద్ద కిటికీలు పెట్టుదురు. ఆ వెలుతురే నేడు రంగుల తారతమ్యమును చూపుచున్నది. యంత్రముల బరువు మోసిన నేల రాతిశిల్పములను సునాయాసముగా మోయును. నిలువెత్తుకు మించిన పటములను చిత్రించు నియో రౌఖ్ పనిగదియు నిచ్చటనే కలదు.

ఏట కొన్ని దినములలో ఆవరణమందలి చిత్రశాలలన్నియు నొక్కమారే తలుపులు తెరచును. పలువురి చిత్రములను ఒక్క సాలలో వ్రేలాడదీయుట సులభము కాదు. ఒకరి ఎఱుపు ప్రక్కవారి నీలమును వెలవెలబోజేయును. కావున ఏది యెచ్చట నుండవలెనో ముందుగా కూర్చుండి మాటలాడుకొనవలెను. మా తరగతిగోడకు బాలుర పటములు తగిలించునపుడును ఈ తగవే!

“పత్తినుండి సంస్కృతికి” అనునది అచ్చటివారి నినాదము. వినుటకు ఇంపుగానే యున్నది. కాని మిల్లు మూతబడగా జీవనము గోల్పోయిన పనివారికి ఆ మాటలలో చోటులేదు. అట్టివారి ముఖములను చిత్రించిన పటము నొక దానిని ఆ సాలలో చూడవలెనని మాకు కోరిక.