నూటయాభై గుర్రాలకు ముందు కళ్లెం

మార్చి, ఏప్రిల్ నెలల్లో నూజివీడు నుంచి విస్సన్నపేట మీదుగా తిరువూరు వెళ్లే దారిలో చాలాచోట్ల సగం రోడ్డే బళ్లది. మిగతా సగం మీద మొక్కజొన్న ఆరుతూ ఉంటుంది. గింజ మీదకు చక్రాలు రాకుండా అంచున వరసగా రాళ్లు. మామిడి కోతలు ఊపందుకున్నాక కాయలతో నిండిన ట్రాక్టర్లు రోడ్డెక్కుతాయి. రాత్రిపూట వాటి తొట్టి వెనక ఒక్క ఎర్ర స్టిక్కరైనా మెరిస్తే ఆ రైతుకు మనసులోనే దణ్ణం పెట్టుకుంటాం. ఊరు దగ్గరపడిందంటే రంగు వెలిసిన స్పీడు బ్రేకరు, దాని అవతల తీరిగ్గా రోడ్డు దాటే గేదెలు.

ఇలాంటి దారికి నూటయాభై హార్స్‌పవర్ కారు తెచ్చుకున్నవాడు దానికి మొదట ఏం మార్పించాలి? ఈ ప్రశ్న ఒకప్పుడు జూబ్లీహిల్స్‌ది. ఇప్పుడు మండల కేంద్రాలకూ వచ్చేసింది.

రావడానికి కారణముంది. మన దేశంలో వేగం చాలాకాలం బాగా డబ్బున్నవాళ్ల సరుకు. 2013లో ఫోక్స్‌వ్యాగన్ పోలో జీటీ టీఎస్ఐ వచ్చింది. 1.2 లీటర్ల చిన్న ఇంజిను, దానికో టర్బో, 105 హార్స్‌పవర్. అంకె చూస్తే పెద్దదేం కాదు. కానీ కాలు నొక్కగానే సీటు వీపును ముందుకు తోసే ఆ సుఖాన్ని మధ్యతరగతి మొదటిసారి రుచి చూసింది. తర్వాత 2021లో 120 హార్స్‌పవర్‌తో హ్యుందాయ్ ఐ20 ఎన్ లైన్, 2022లో 150 హార్స్‌పవర్‌తో ఫోక్స్‌వ్యాగన్‌వాళ్లదే వర్టస్ జీటీ, 2024లో మళ్లీ 120తో టాటా ఆల్ట్రోజ్ రేసర్. 2025లో వచ్చిన గోల్ఫ్ జీటీఐ ధర యాభై లక్షల పైమాట కాబట్టి దాన్ని పక్కన పెడదాం. మిగతావి నెల జీతం వచ్చే ఇంట్లో, కాస్త గట్టిగా వాయిదాలు కట్టుకుంటే, కొనగలిగిన కార్లు.

విస్సన్నపేట కుర్రాడొకడు హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తూ వర్టస్ జీటీ కొన్నాడనుకుందాం. పూజయింది, చక్రాల కింద నిమ్మకాయలు నలిగాయి. ఆ సాయంత్రానికే స్నేహితుల వాట్సాప్ గ్రూపులో జాబితా తయారు. సైలెన్సరు మార్చరా, గర్జించాలి. ఈసీయూ రీమ్యాప్ చేయించు, నలభై గుర్రాలు ఊరికే వస్తాయి. పద్దెనిమిది అంగుళాల అల్లాయ్‌లు వేసి కింద రెండంగుళాలు దించు. అద్దాలకు నల్ల ఫిల్ము ఎలాగూ ఉండాల్సిందే. అరుగు మీద కూర్చుని ఇదంతా విన్న తండ్రి ఒక్క మాటే అంటాడు: “ఏరా, అన్నీ ఉన్నాయనే కదా అంత డబ్బు పోశావు, మళ్లీ మార్చేదేంట్రా?”

ఆ గ్రూపు మొత్తంలో ఇంతకంటే పనికొచ్చే ప్రశ్న అడిగినవాడు లేడు. కారుకు ఏం తక్కువైందో తెలియకుండా ఏం కలపాలో ఎలా తెలుస్తుంది? తెలియాలంటే ఏమీ మార్చకుండా మొదటి అయిదువేల కిలోమీటర్లు నడపాలి. వానలో, రాత్రిపూట, నలుగురిని ఎక్కించుకుని, డిక్కీ నిండా మామిడికాయలు వేసుకుని నడపాలి. ఈలోపు ఇంజినూ కుదురుకుంటుంది.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. మన రోడ్లమీద ఇలాంటి కారులో పవర్ ఎప్పుడూ తక్కువ కాదు. తక్కువయ్యేవి రోడ్డును పట్టుకోవడం, ఆగడం, చూడడం. మొదటి రూపాయి అక్కడ పడాలి.

లెక్క చూడండి. కేంద్రం 2018లో ఇచ్చిన నోటిఫికేషన్ ప్రకారం మధ్యలో డివైడర్ ఉన్న నాలుగు వరసల రోడ్డుమీద కారు గరిష్ఠ వేగం గంటకు 100 కిలోమీటర్లు. నూజివీడు–విస్సన్నపేట లాంటి దారుల మీద 70. వర్టస్ జీటీ నిలుచున్నచోటు నుంచి 70 అందుకోవడానికి అయిదారు సెకన్లు చాలు. అంటే కంపెనీ ఇచ్చిన పవర్‌లో చట్టం వాడనిచ్చేది ఆ అయిదారు సెకన్లే. ఆపడం సంగతి అలా కాదు. వేగం 80 నుంచి 100కు పెరిగితే పెరిగింది పావు వంతేననిపిస్తుంది గానీ బ్రేకులు మింగాల్సిన శక్తి సగానికి పైగా, 56 శాతం పెరుగుతుంది. అది వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది మరి. వందలో వెళ్తూ గేదెను చూసి కాలు బ్రేకు మీదకు చేర్చేలోపు, ఒక్క సెకనులో, బండి 28 మీటర్లు దాటిపోతుంది. అప్పటికింకా బ్రేకు పడనే లేదు.

టైరు దగ్గర మొదలు

కారుకు రోడ్డుతో ఉన్న సంబంధమంతా నాలుగు అరచేతులంత రబ్బరు. ఇంజిను ఇచ్చేదైనా, బ్రేకు ఆపేదైనా దాని ద్వారానే జరగాలి. కంపెనీలు ధరలోనూ మైలేజీలోనూ నాలుగు రూపాయలు కలిసొచ్చేలా టైర్లు ఎంచుతాయి. అందుకే వేగంగా వెళ్లే కారుకు మొదట మార్చదగ్గది టైరే. తడిరోడ్డుమీద పట్టు ఉన్న మంచి టైరు వేస్తే, అదే కారు వేరే కారులా ఆగుతుంది. నాలుగు టైర్లకూ కలిపి రమారమి నలభై వేలు అవుతుంది. రీమ్యాప్‌కూ, అంటే ఇంజిను కంప్యూటర్‌లోని సాఫ్ట్‌వేర్ మార్పించడానికీ, దాదాపు అంతే. ఎవడి డబ్బు వాడిది, కానీ నేనైతే తడుముకోను.

కొనేటప్పుడు టైరు పక్కన ఉన్న అంకెలు చదవాలి. చివర నాలుగంకెల్లో మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం. 3524 అంటే 2024లో ముప్పై అయిదో వారం తయారీ. కొట్టులో రెండేళ్లుగా పడి ఉన్నదాన్ని రాయితీకి ఇస్తున్నాడంటే ఊరికే ఇవ్వడు. వేగం గుర్తుగా ఉండే అక్షరాల్లో హెచ్ అంటే 210, వి అంటే 240 కిలోమీటర్ల దాకా తట్టుకుంటుందని. కంపెనీ ఇచ్చిన అక్షరం కంటే తగ్గకూడదు, బరువు సూచించే అంకె అసలు తగ్గకూడదు.

ఇక అల్లాయ్ సైజు పిచ్చి. వర్టస్‌కు వచ్చేది 205/55 ఆర్16. దీని పక్కగోడ ఎత్తు దాదాపు 113 మిల్లీమీటర్లు. 225/45 ఆర్17 వేస్తే చక్రం మొత్తం వ్యాసం దాదాపు అంతే ఉంటుంది, స్పీడోమీటరు తప్పు చెప్పదు, చూడ్డానికీ బాగుంటుంది. కానీ పక్కగోడ 101కి దిగుతుంది. పోయిన ఆ పన్నెండు మిల్లీమీటర్లే రోడ్డు గుంటకూ చక్రానికీ మధ్య మనకున్న పరుపు. వర్షాకాలం తర్వాత మన మండలం రోడ్లమీద పద్దెనిమిది అంగుళాల చక్రం వేసుకు తిరిగితే రిమ్ము వంపు తీయించడానికే ఒక పద్దు రాసుకోవాలి.

కిందకు దించడం గురించి ఇంకా తక్కువ చెప్పొచ్చు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ లెక్క ప్రకారం స్పీడు బ్రేకరు పది సెంటీమీటర్ల ఎత్తు, 3.7 మీటర్ల వెడల్పు ఉండాలి, పాతిక కిలోమీటర్ల వేగంతో హాయిగా దాటాలి. ఆ కొలతతో కట్టిన బ్రేకరు మన పల్లెల్లో ఎక్కడైనా కనిపిస్తే దాని ఫొటో తీసి దాచుకోండి. వర్టస్ ఖాళీగా ఉన్నప్పుడు దాని అడుగు నేలకు 179 మిల్లీమీటర్ల ఎత్తులో ఉంటుంది. అయిదుగురు ఎక్కితే అందులో ఎంత మిగులుతుందో, రెండంగుళాలు దించాక ఏమవుతుందో విడిగా చెప్పక్కర్లేదు.

కాలికింద బ్రేకు

బ్రేకులంటే అందరూ ఎర్ర కాలిపర్లు ఊహించుకుంటారు. అసలు పని అంత అందంగా ఉండదు. ముందు బ్రేకు నూనె. ఇది గాల్లోని తేమను పీల్చుకుంటుంది. తాజా డాట్ 4 నూనె కనీసం 230 డిగ్రీల దాకా మరగదు. తేమ పట్టాక ఆ హద్దు 155కు పడిపోతుంది. కొండదారిలో వరసగా నొక్కుకుంటూ దిగితే నూనె మరిగి బుడగలు కడుతుంది. బుడగ నొక్కితే నలుగుతుందే గానీ బ్రేకును తోయదు. పెడలు మెత్తగా నేలదాకా వెళ్లిపోతుంది. రెండేళ్లకోసారి మార్చాల్సిన ఈ నూనెకయ్యే ఖర్చు కారుకు అతికించే స్టిక్కర్ల ఖర్చుకు మించదు. సెకండ్ హ్యాండ్‌లో కొన్న పోలో జీటీ అయితే ఇంటికి తెచ్చిన వారంలోనే మార్పించండి, పాత యజమాని ఏం చెప్పినా సరే.

తర్వాత ప్యాడ్లు. మంచి కంపెనీ వీధి ప్యాడ్లు చాలు. రేసు ప్యాడ్లు వేడెక్కితే గానీ పట్టవు. పొద్దున్నే పాలకేంద్రం ముందు చల్లటి ప్యాడ్‌తో బండి ఆగకపోతే అవెందుకు? కొత్తవి వేశాక ఖాళీ రోడ్డుమీద, వెనక ఎవరూ లేనప్పుడు, మధ్యస్థ వేగం నుంచి పలుమార్లు క్రమంగా ఆపుతూ డిస్కుకు అలవాటు చేయాలి. మార్కెట్లోకి వచ్చినప్పుడు వర్టస్ జీటీకి వెనక డ్రమ్ములే ఇచ్చారని అప్పట్లో చాలామంది మూతి విరిచారు. ఆపే భారం ఎక్కువగా ముందు చక్రాల మీదే పడుతుంది కాబట్టి ఆ డ్రమ్ముల్ని మార్చడానికి లక్షలు తగలేయకుండా ముందు ప్యాడ్లు, నూనె, టైర్లు చూసుకోవడం తెలివైన పని.

దీపాల విషయంలో ఎక్కువ ఖర్చు లేదు. ఎదుటివాడి కళ్లలో కొట్టే చవక ఎల్ఈడీ బల్బులు వేయకండి. ఉన్న లైట్లకు ఎత్తు సరిచేయించండి, అద్దం లోపలా బయటా తుడవండి. తొట్టి వెనక ఎర్ర స్టిక్కరు లేని ట్రాక్టరు కనబడేది వీటితోనే.

ఆటోనగర్ దాకా

విస్సన్నపేటవాడికి బండి పనంటే చివరికి విజయవాడే. 1960ల్లో మొదలైన జవహర్ ఆటోనగర్ ఆసియాలోనే పెద్ద ఆటోమొబైల్ కేంద్రాల్లో ఒకటని పేరు తెచ్చుకుంది. లారీకి బాడీ కట్టడం, కమాన్ పట్టీలు అదనంగా వేయడం, లేతుమీద ఏ సామానైనా తిప్పి ఇవ్వడం అక్కడ మేస్త్రీలకు నల్లేరు మీద నడక. వాళ్ల చేతిపని మీద నాకు చెప్పలేనంత గౌరవం. అయితే ఆరు దశాబ్దాలుగా వాళ్లు బండిని మార్చింది బరువు మోయడానికి. టర్బో పెట్రోలు ఇంజిను వేగం కంప్యూటర్‌లో రాసి ఉంటుంది, సుత్తికి అందదు. ఎలైన్‌మెంట్, బాలెన్సింగ్, ప్యాడ్లు మార్చడం, రిమ్ము సరిచేయడం వరకు ఆటోనగర్. సాఫ్ట్‌వేర్ పని కోసం మనవాళ్లు బెంగళూరుకో పుణేకో పోతున్నారు.

ఆ సాఫ్ట్‌వేర్ దగ్గరే ఆగి ఆలోచించాల్సింది ఉంది. వర్టస్ జీటీ ఇంజిను ఇచ్చే టార్క్ 250 న్యూటన్ మీటర్లు. దాని ఏడు గేర్ల ఆటోమేటిక్ డీఎస్‌జీ, డీక్యూ200 అంటారు, తట్టుకునేలా తయారైంది కూడా 250కే. కంపెనీ ఇచ్చినరోజే గ్లాసు అంచుదాకా నిండి ఉంది. రీమ్యాప్‌తో ఇంకో యాభై అరవై పోస్తే ఎక్కడ ఒలకాలి? పొడి క్లచ్చుల మీద. వాటి ఖర్చు రీమ్యాప్‌కు ఎన్నో రెట్లు.

పెట్రోలు సంగతీ ఉంది. ఎక్కువ పవర్ తీసే చాలా రీమ్యాప్‌లు ఎక్కువ ఆక్టేన్ ఇంధనాన్ని నమ్ముకుని రాస్తారు. 2020 డిసెంబరులో ఇండియన్ ఆయిల్ తెచ్చిన ఎక్స్‌పీ100 లాంటివి పెద్ద నగరాల్లో ఎంపిక చేసిన బంకులకే పరిమితం. ఊళ్లో దొరికే పెట్రోలు పోసుకుంటే ఇంజిను లోపల నాక్ రాకుండా కంప్యూటరే పవర్ తగ్గించేస్తుంది. కొన్న గుర్రాలు ఇంటికొచ్చేసరికి పడుకుంటాయన్నమాట. దానికితోడు మన ఎండ. 15 డిగ్రీల గాలితో పోలిస్తే 45 డిగ్రీల గాలి పదో వంతు పలచన. మే నెలలో ఏ ఇంజినైనా కాస్త నీరసంగానే ఉంటుంది. ఇది తెలియక బానెట్ కింద మూత లేని కోన్ ఫిల్టరు బిగించుకుంటారు. అది ఇంజిను పక్కనున్న వేడిగాలినే పీలుస్తుంది. చప్పుడు పెరుగుతుంది, అంతే. కంపెనీవాడు బయటి చల్లగాలి కోసం పెట్టిన గొట్టాన్ని డబ్బిచ్చి తీయించుకోవడం నాకెప్పటికీ అర్థం కాదు.

చట్టం మాట కూడా. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు ఇచ్చిన వివరాలకు విరుద్ధంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఇదే గట్టిగా చెప్పింది. అదే ఏడాది వచ్చిన సవరణతో ఒక్కో మార్పుకూ అయిదువేల జరిమానా, లేదా ఆరునెలల దాకా జైలు, లేదా రెండూ. చప్పుడు, పొగ హద్దులు దాటితే పదివేల దాకా జరిమానా, మూడు నెలలు లైసెన్సుకు సెలవు. విశాఖ, హైదరాబాద్ పోలీసులు పట్టుకున్న సైలెన్సర్లను రోడ్డుమీద పరిచి రోలర్ తొక్కించిన దృశ్యాలు అందరూ చూసినవే. అద్దాల్లోంచి ముందూ వెనకా 70 శాతం, పక్కల 50 శాతం వెలుతురు రావాలి. నల్ల ఫిల్ము ఆ లెక్కకు అందదు. టైర్లు, ప్యాడ్లు, నూనె కంపెనీ చెప్పిన కొలతల్లో ఉంటే వీటిలో ఏ గొడవా లేదు.

వారంటీ అంతకంటే నిశ్శబ్దంగా పోతుంది. ఫోక్స్‌వ్యాగన్ కార్లలో రీమ్యాప్ జాడ సర్వీస్ సెంటర్ స్కానర్‌కు దొరికితే టీడీ1 అనే గుర్తు పడుతుంది. ఆ తర్వాత ఇంజిను, గేర్‌బాక్సు ఖర్చు మనదే. తిరిగి పాత సాఫ్ట్‌వేర్ వేయించినా ఆ జాడ పోతుందన్న భరోసా లేదు. బీమా కంపెనీకి చెప్పకుండా చేయించిన మార్పు క్లెయిము నాడే బయటపడుతుంది.

అయినా పవర్ కావాలనే మనసు ఉంటుంది. ఉండకూడదని నేననను. దానికి చోటు కావాలి. హుస్సేన్‌సాగర్ ఒడ్డున 2023 ఫిబ్రవరి 11న ఫార్ములా ఈ కార్లు తిరిగాయి, మరుసటేడు ఆ పోటీ రద్దయింది. మన దక్షిణాదిలో సొంత కారుతో వెళ్లి తిరిగి రాగలిగిన ట్రాక్‌లు చెన్నై దగ్గర ఇరుంగట్టుకోట్టైలోనూ కోయంబత్తూరులోనూ ఉన్నాయి. ట్రాక్ డే పెట్టినప్పుడు డబ్బు కట్టి, హెల్మెట్ పెట్టుకుని నాలుగు లాప్‌లు తిప్పి చూడండి. మొదట చేతులెత్తేసేది చాలాసార్లు ఇంజిను కాదు, పాత బ్రేకు నూనే, కంపెనీ టైరే. వాటిని దాటుకుని కూడా ఇంజినే తక్కువైందనిపిస్తే అప్పుడు ట్యూనర్ దగ్గరకు వెళ్లొచ్చు. ఎంత పెంచుతావని కాకుండా, 250 దాటాక ఆ గేర్‌బాక్సుకు నువ్వు రాసిచ్చే హామీ ఏంటని ముందడగాలి.