మధురపూడి నుంచి శంషాబాద్‌కు 43 నిమిషాలేనా?

రాజమండ్రి విమానాశ్రయం నుంచి హైదరాబాద్ విమానాశ్రయానికి దూరం 361 కిలోమీటర్లు. గుండ్రటి భూమి మీద మధురపూడి నుంచి శంషాబాద్‌కు దారం బిగించి లాగితే వచ్చే పొడవది. విమానాల వాళ్ల లెక్కలో 195 నాటికల్ మైళ్లు. అక్షాంశాల్లో ఒక డిగ్రీని అరవై భాగాలు చేస్తే ఒక్కో భాగం ఇంచుమించు ఒక నాటికల్ మైలు, అంటే 1.852 కిలోమీటర్లు.

చిన్న విమానాశ్రయాల మధ్య తిరిగే ఏటీఆర్ 72 పైకి చేరాక గంటకు సుమారు 500 కిలోమీటర్లు పోతుంది. భాగించి చూస్తే 43 నిమిషాలు. టికెట్ మీద మాత్రం గంట, అంతకు పైన ఉంటుంది. ఇందులో మోసమేమీ లేదు. విమానం నిలబడ్డ చోటు నుంచి కదిలింది మొదలు అవతల పూర్తిగా ఆగేదాకా టికెట్ లెక్కే. రన్‌వే దాకా నెమ్మదిగా నడవాలి. ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ వేగం తక్కువ. శంషాబాద్ రద్దీలో వంతు కోసం చక్కర్లు కొట్టాల్సి రావచ్చు. వీలైనంత వరకు గాలికి ఎదురుగానే దిగాలి కాబట్టి, గాలి పడమటి నుంచి లేకపోతే, తూర్పు నుంచి వచ్చే ఈ విమానం రన్‌వేను దాటి వెళ్లి వెనక్కి తిరగాలి. పైన గాలి గంటకు 50 కిలోమీటర్లతో ఎదురొస్తే ఆ 43 కాస్తా 48 అవుతుంది, వెనక నుంచి తోస్తే 39కి తగ్గుతుంది. ఆలస్యమన్న మాట పడకుండా విమాన సంస్థలు మరికొన్ని నిమిషాలు కలిపి వేసుకుంటాయి.

ఇక ఈ విమానం కోసం మా బూర్గంపాడు నుంచి పోయే సంగతి. ఇక్కడి నుంచి మధురపూడి గాలిలో సుమారు 115 కిలోమీటర్లే. కానీ మధ్యలో పాపికొండలున్నాయి. భద్రాచలం వంతెన దాటి చింతూరు, మారేడుమిల్లి ఘాట్ మీదుగా పోవాలి, లేదా అశ్వారావుపేట, జంగారెడ్డిగూడెం చుట్టి రావాలి. ఎటు పోయినా 150 దాటుతుంది, తక్కువలో తక్కువ నాలుగు గంటలు. పైగా హైదరాబాద్ పడమట ఉంటే మనం పోయేది తూర్పుకు! అక్కడ విమానమెక్కితే అది మళ్లీ పడమటికే తిరిగి, పావుగంటలో ఇంచుమించు సత్తుపల్లి మీదికి వస్తుంది. పొద్దుటి నుంచి కారులో పడ్డ శ్రమంతా ఆ పావుగంటలో చెల్లు.

విమానాశ్రయంలో గంటన్నర ముందుండటం, శంషాబాద్ నుంచి నగరంలోకి మరో గంట కలిపితే ఏడెనిమిది గంటలు తేలుతుంది. కారులో నేరుగా హైదరాబాద్‌కు పోయినా ఆరేడు గంటలే. మణుగూరు ఎక్స్‌ప్రెస్ ఎక్కితే రాత్రంతా నిద్ర కూడా కలిసొస్తుంది.

ఢిల్లీ, బెంగళూరు ప్రయాణాలకు ఈ లెక్క మారుతుంది. గన్నవరం విమానాశ్రయం దాకా రోడ్డు మీద నాలుగైదు గంటలు పోయినా, రైల్లో గడిచే రాత్రీ పగలూ మిగులుతాయి. కొత్తగూడెంలో విమానాశ్రయం కావాలని ఏళ్లుగా అడుగుతున్నాం. అది ఎప్పటికైనా వస్తే నేను ముందు చూసేది హైదరాబాద్ విమానం కాదు, బెంగళూరుకు రోజూ ఒకటైనా ఉందా అని.