చేతిపనికి వెల కట్టడం ఎలా?
విశాఖ తీరపు అంగళ్ళలో ఏటికొప్పాక లక్కబొమ్మలు

విశాఖపట్నం అనగానే ఎవరికైనా మొదట గుర్తుకు వచ్చేవి ఓడలు, క్రేన్లు, ఉక్కు కొలుములు. 1933లో నౌకాశ్రయం ప్రారంభమైంది. 1971లో ఉక్కు కర్మాగారానికి శంకుస్థాపన జరిగింది. ఆనాటి నుంచి ఈ నగరం పెద్ద యంత్రాల నీడలోనే పెరిగింది. అయినా ఏడాదిలో కొన్ని రోజులు ఇక్కడి వీధులు చేతివృత్తులవారివి అవుతాయి. విశాఖ ఉత్సవ్ వేళ బీచ్ రోడ్డులోనూ, మధురవాడ శిల్పారామంలోనూ, గాంధీ శిల్ప బజార్ పేరిట జరిగే ప్రదర్శనల్లోనూ, దర్గా కొండ ఉర్సు రోజుల్లోనూ దుకాణాలు వరుసగా వెలుస్తాయి. కొండపల్లి బొమ్మలు, కలంకారీ వస్త్రాలు, గవ్వల అలంకారాలు, తాటాకు బుట్టలు అక్కడ కొలువుదీరుతాయి. వాటి మధ్య పసుపు, ఎరుపు, ఆకుపచ్చ రంగుల్లో నున్నగా మెరిసే ఏటికొప్పాక లక్కబొమ్మలు పిల్లల కాళ్ళను ముందుకు కదలనివ్వవు.

ఆ అంగడి ముందు తరచూ ఒకే సంభాషణ వినిపిస్తుంది. బిడ్డ బొంగరం పట్టుకుంటాడు. తండ్రి ధర అడుగుతాడు. అమ్మే మనిషి చెబుతాడు. “ఇంత చిన్న చెక్కముక్కకా? సగానికి ఇస్తావా?” అన్న మాట వెంటనే వస్తుంది. అదే తండ్రి పెద్ద దుకాణంలో అచ్చువేసిన ధర చీటీ చూసి, ప్లాస్టిక్ బొమ్మకు అంతకు రెట్టింపు మారుమాట లేకుండా చెల్లిస్తాడు. ఆ ధరను నిర్ణయించిన మనిషి అతనికి కనబడడు. ఈ బొంగరాన్ని చేసిన మనిషి మాత్రం ఎదురుగా నిలుచున్నాడు. కనబడే మనిషితోనే మనం బేరమాడుతున్నాం. ఈ అలవాటు గురించి మన కుటుంబాలలో కాసేపు ఆలోచించుకోవలసి ఉందని మేము భావిస్తున్నాము.

ఈ నగరం పోగొట్టుకున్న ఒక విద్య

చేతిపని ఎంత గొప్పదైనా అది శాశ్వతం కాదనడానికి విశాఖపట్నమే సాక్ష్యం. 18వ శతాబ్ది నాటికే ఈ రేవు ఏనుగు దంతం పొదిగిన చెక్కపనికి పేరు పొందింది. గంధపు చెక్క, నల్లచేవ, రోజ్‌వుడ్ వంటి మేలుజాతి కలపతో పెట్టెలు, కుర్చీలు, రాతబల్లలు చేసేవారు. వాటికి పలుచని దంతపు పలకలు తాపడం చేసి, పలకల మీద సన్నని గీతలతో పూలను, లతలను, భవనాలను చెక్కేవారు. ఆ గీతలలో నల్లని లక్కను నింపేవారు. ఈస్టిండియా కంపెనీ ఉద్యోగులు వాటిని ముచ్చటపడి చేయించుకుని ఓడల మీద ఇంగ్లండుకు పంపించేవారు. లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో అవి నేటికీ ఈ ఊరి పాత పేరుతోనే, ‘వైజాగపటం’ పనితనంగా ప్రదర్శనకు ఉన్నాయి.

కాలక్రమంలో అభిరుచులు మారాయి, కొనేవారు తగ్గారు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం, దానికి తరువాత వచ్చిన సవరణలు దంతపు వ్యాపారానికి తెరదించాయి. అది సరైన నిర్ణయమే. బొమ్మ కోసం ఏనుగును చంపడం ఏ విధంగానూ సమర్థనీయం కాదు. అయితే దంతంతోపాటు ఆ వేళ్ళలోని నేర్పు కూడా వెళ్ళిపోయింది. ఆ పెట్టెలను ఈనాడు విదేశీ వేలం పాటల్లో లక్షల రూపాయలకు కొంటున్నారు. వాటిని చేసిన ఊరిలో ఆ పని సజీవంగా లేదు. పనివాడు ఉన్నప్పుడు దక్కని గౌరవం వస్తువు పాతబడ్డాక దక్కితే అతని ఇంటికి ఒరిగేదేమీ ఉండదు.

వరాహ నది ఒడ్డున

అదృష్టవశాత్తు లక్కబొమ్మల విద్య ఇంకా బ్రతికి ఉంది. ఏటికొప్పాక గ్రామం విశాఖపట్నానికి సుమారు 65 కిలోమీటర్ల దూరంలో, యలమంచిలి సమీపంలో, వరాహ నది ఒడ్డున ఉంది. పూర్వం విశాఖ జిల్లాలో భాగమైన ఈ ఊరు 2022లో జిల్లాల పునర్విభజనతో అనకాపల్లి జిల్లాలో చేరింది. ఇక్కడి బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు లభించింది. 2025 గణతంత్ర దినోత్సవ కవాతులో ఆంధ్రప్రదేశ్ శకటం ఏటికొప్పాక బొమ్మల ఇతివృత్తంతోనే ఢిల్లీ కర్తవ్య పథ్‌లో నడిచి మూడవ బహుమతిని అందుకుంది.

ఈ బొమ్మలకు మూలం అంకుడు కర్ర. అది తెల్లగా, మెత్తగా, నార లేకుండా నున్నగా ఉంటుంది. ఉలికి సులువుగా లొంగుతుంది. కర్రను కోసిన వెంటనే వాడరు. తడి ఆరేదాకా నిలువ ఉంచుతారు. తొందరపడితే బొమ్మ తయారైన తరువాత పగుళ్ళిస్తుంది. ఎండిన ముక్కను లేత్‌కు బిగించి తిప్పుతూ ఉలితో ఆకారం తెస్తారు. పూర్వం ఒకరు తాడు లాగి తిప్పుతుంటే మరొకరు పని చేసేవారు. ఇప్పుడు విద్యుత్తు ఆ శ్రమను తీసుకుంది. ఉలి పట్టే చేతికి మాత్రం బదులు రాలేదు. ఏ బొమ్మకు ఎంత లోతు తీయాలో, ఎక్కడ ఆపాలో వేళ్ళకే తెలియాలి.

ఆకారం కుదిరాక లక్క పని మొదలవుతుంది. మోదుగ, రేగు వంటి చెట్ల కొమ్మలపై బ్రతికే చిన్న పురుగులు స్రవించే జిగురు పదార్థమే లక్క. దానిని కరిగించి, రంగు కలిపి, కడ్డీలుగా చేసుకుంటారు. వేగంగా తిరుగుతున్న బొమ్మకు ఆ కడ్డీని ఒత్తి పట్టుకుంటే, రాపిడికి పుట్టిన వేడితోనే లక్క కరిగి కర్రకు పూతలా అంటుకుంటుంది. కుంచె అవసరం ఉండదు. ఆపైన ఎండిన మొగలి ఆకుతో రుద్దితే అద్దంవంటి మెరుపు వస్తుంది. లక్కపిడతలు, గిలక్కాయలు, బొంగరాలు, ఎడ్లబండ్లు, భరిణెలు, గాజులు ఈ విధంగానే తయారవుతాయి. మన నాయనమ్మలు, అమ్మమ్మలు చిన్ననాడు వంటాట ఆడిన లక్కపిడతలు ఈ కుటుంబానివే.

ఈ విద్యతో ముస్లిం కళాకారులకు దగ్గరి సంబంధం ఉంది. కర్ణాటకలోని చన్నపట్నంలో ఇదే జాతి కర్రతో, ఇదే లక్క పూతతో బొమ్మలు చేసేవారిలో ముస్లిం కుటుంబాలు అనేకం. అక్కడ ఈ పనికి టిప్పు సుల్తాన్ ఆదరణ లభించిందనీ, పర్షియా నుంచి నిపుణులను పిలిపించాడనీ చెప్పుకుంటారు. హైదరాబాద్ లాడ్ బజార్‌లో లక్కను వేడిచేసి, అద్దాలు, రాళ్ళు పొదిగి గాజులు చేసేవారిలోనూ ముస్లిం స్త్రీపురుషులు ఎక్కువగా ఉన్నారు. ఆ గాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది.

రంగు మారితే ప్రమాదమే

ఒక దశలో ఏటికొప్పాకలోకి చౌకైన రసాయన రంగులు ప్రవేశించాయి. పని త్వరగా అయ్యేది, రంగు కళ్ళు మిరుమిట్లు గొలిపేది. కానీ బొమ్మ ఎవరి చేతిలోకి పోతుంది? పాలుతాగే పసివాడి చేతిలోకి, ఆ చేతి నుంచి నేరుగా నోటిలోకి. కొన్ని రసాయన రంగులలో సీసం వంటి విషపు లోహాలు ఉంటాయి. సీసం కొద్దిపాటిగా శరీరంలో చేరినా పిల్లల మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుందని వైద్యశాస్త్రం హెచ్చరిస్తోంది. ఇంటి గోడల రంగులలో సైతం సీసం పరిమితి దాటరాదని మన దేశంలో నిబంధనలు వచ్చాయి.

ఈ పరిస్థితిలో గ్రామానికి చెందిన సి.వి.రాజు పాత దారిని మళ్ళీ వెతికారు. చెట్ల నుంచి, వేళ్ళ నుంచి, గింజల నుంచి రంగులు తీసి లక్కలో నిలిచేలా చేయడానికి ఏళ్ళ తరబడి ప్రయోగాలు చేశారు. పసుపు కొమ్ము నుంచి పసుపు, నీలిమందు నుంచి నీలం, ఆ రెండూ కలిస్తే ఆకుపచ్చ, జాఫ్రా గింజల నుంచి నారింజ ఎరుపు వచ్చాయి. ఆ బొమ్మలు విదేశీ విపణికి కూడా చేరాయి. ఆయన కృషికి 2023లో పద్మశ్రీ లభించింది. పిల్లల బొమ్మ విషయంలో అందం కన్నా ముందు భద్రత రావాలన్న పాఠం ఈ చిన్న ఊరు మనకు నేర్పింది.

ఒక బొమ్మ వెలలో ఏమేమి ఉన్నాయి?

ఇప్పుడు బొంగరం ధర దగ్గరికి వద్దాం. అందులో కర్ర ఖరీదు కొంత మాత్రమే. అంకుడు కర్ర మునుపటిలా ఊరి చుట్టుపక్కల దొరకడం లేదు. దూరం నుంచి తెచ్చుకోవాలి. లక్క బయటి రాష్ట్రాల నుంచి రావాలి. ప్రకృతి రంగు తీయడానికి రోజులు పడుతుంది. కర్ర ఆరేదాకా పెట్టుబడి కదలదు. పగిలినవి, వంకర తిరిగినవి నష్టం. ఆపైన నగరానికి ప్రయాణం, అంగడి అద్దె, బస, భోజనం. వాన పడితే ఆ రోజు అమ్మకం లేదు. ఉత్సవం ముగిసే రాత్రి మిగిలిన సరుకును తిరిగి మోసుకుపోవడం ఇష్టంలేక సగం ధరకు వదిలేసే పనివారు ఉంటారు. ఆ ఒక్క రాత్రి ధరను చూసి ‘అసలు ధర ఇంతే’ అని మనం తీర్మానించుకుంటాం.

ఇందులో ఇంటి స్త్రీల శ్రమ కూడా కలిసి ఉంది. రంగులు నూరడం, పూసలు గుచ్చడం, మెరుగు పెట్టడం, పెట్టెలలో సర్దడం వంటి పనులకు విడిగా లెక్క కట్టే అలవాటు లేదు. ధర తగ్గినప్పుడు మొదట కోతపడేది ఈ లెక్కలేని శ్రమకే.

చివరికి ఒక ప్రశ్న మిగులుతుంది: ఆ పనివాని కుమారుడు ఉలి పడతాడా? నగరంలో కర్మాగారాలు, ఓడరేవు, దుకాణాలు నెల జీతం ఇస్తాయి. ఉలి పట్టడం నేర్చుకోవడానికి ఏళ్ళు పడుతుంది. నేర్చుకున్న తరువాత కూడా అంగడి ముందు సగం ధరకు తలవంచవలసి వస్తే, ఆ కుర్రవాడు పట్నం దారి పట్టడాన్ని ఎవరు తప్పుపట్టగలరు?

మన ధర్మం ఏమంటుంది?

చేతిపని పట్ల ఇస్లాం చూపిన గౌరవం మనకు తెలియనిది కాదు. ప్రవక్త దావూద్ (అలైహిస్సలాం) రాజై ఉండి కూడా తన చేతి కష్టంతోనే ఆహారం సంపాదించుకునేవారు. ఇనుమును ఆయనకు మెత్తపరచినట్లు, కవచపు కడియాలను సరైన కొలతతో అల్లమని ఆదేశించినట్లు దివ్యఖుర్ఆన్ తెలుపుతోంది. పని ఉంటే చాలదు, పనిలో కొలత, నాణ్యత ఉండాలన్న బోధ అందులోనే ఉంది. ప్రవక్త జకరియ్యా (అలైహిస్సలాం) వడ్రంగి అని హదీసులలో ఉంది. మద్యన్ ప్రజలకు ప్రవక్త షుఐబ్ (అలైహిస్సలాం) చేసిన హితవు కేవలం తూకం గురించే కాదు. ఇతరుల వస్తువులకు రావలసిన విలువను తగ్గించవద్దని కూడా ఆయన హెచ్చరించారు. తూచేవాడికే కాదు, కొనేవాడికీ ఈ హెచ్చరిక వర్తిస్తుంది.

బేరమాడటం నిషిద్ధం కాదు. అమ్మేవారిలో అత్యాశాపరులు ఉండవచ్చు. చౌక సరుకును చేతిపని అని చెప్పి అంటగట్టేవారూ ఉండవచ్చు. మంచి సరుకును గుర్తించి న్యాయమైన ధర అడగడం కొనుగోలుదారుని హక్కు. అవసరంలో ఉన్నవాని బలహీనతను వాడుకోవడం మాత్రం హక్కు కాదు. కొనడంలోనూ అమ్మడంలోనూ మెతకదనం చూపేవారి కోసం దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) కారుణ్యాన్ని కోరారన్న సంగతి ఇక్కడ గుర్తుంచుకోదగినది.

బొమ్మలంటే కొన్ని కుటుంబాలలో సంకోచం ఉంటుంది. హజ్రత్ ఆయిషా (రజియల్లాహు అన్హా) బాల్యంలో బొమ్మలతో ఆడుకున్న ఉదంతం హదీసు గ్రంథాలలో ఉంది. దానిపై పండితుల వివరణలూ ఉన్నాయి. ఆ చర్చ జోలికి పోనక్కరలేదనుకునేవారికి ఏటికొప్పాక అంగడిలో బొంగరాలు, పిడతలు, బండ్లు, గిలక్కాయలు, గాజులు, భరిణెలు కావలసినన్ని ఉన్నాయి.

కొనే ముందు, కొన్న తరువాత

సహజ రంగులనూ రసాయన రంగులనూ కంటితో చూసి తేల్చడం నిపుణులకే కష్టం. అందువల్ల అడగండి: ఏ కర్ర, ఏ రంగు, ఎవరు చేశారు? తన చేతితో చేసినవాడు ఈ ప్రశ్నలకు విసుక్కోడు, సంతోషంగా వివరిస్తాడు. భౌగోళిక గుర్తింపు గురించి, హస్తకళల శాఖ ఇచ్చే గుర్తింపు కార్డు గురించి అడగండి. పసిబిడ్డ కోసమైతే ఊడివచ్చే చిన్న పూసలు, మేకులు లేనిది ఎంచుకోండి.

ఇంటికి తెచ్చాక లక్కబొమ్మను ఎండలో ఉంచకండి, వేడినీటిలో కడగకండి. వేడికి లక్క మెత్తబడుతుంది. స్పిరిట్, శానిటైజర్ తగిలితే పూత కరుగుతుంది. పొడిగుడ్డతో తుడిస్తే చాలు, ఏళ్ళ తరబడి నిలుస్తుంది.

ఈదుకు పిల్లలకు ఈదీ ఇచ్చేటప్పుడు, పెళ్ళికి వచ్చిన బంధువులకు చిరుకానుక ఇచ్చేటప్పుడు, మసీదు మక్తబ్‌లో బాలబాలికలకు బహుమతులు పంచేటప్పుడు ఈ చేతిపనులను గుర్తుచేసుకోవచ్చు. పది ఇళ్ళవారు కలిసి ముందుగా చెప్పి చేయించుకుంటే పనివారికి ఉత్సవాల నడుమ ఖాళీ నెలలలో కూడా పని దొరుకుతుంది. మధ్యవర్తి వాటా తగ్గి కొనేవారికీ మేలు జరుగుతుంది. ఇది దానం కాదు, వ్యాపారమే. ఇద్దరి గౌరవమూ నిలిచే వ్యాపారం.

పిల్లలను ఆ అంగడికి తప్పక వెంట తీసుకువెళ్ళండి. బొమ్మ ఎలా తయారవుతుందో చేసినవారి నోటనే వినిపించండి. ధర చెల్లించేటప్పుడు డబ్బును బిడ్డ చేతికే ఇచ్చి, సలాం చెప్పి ఇమ్మనండి. శ్రమకు తగిన వెల ఇవ్వడాన్ని పిల్లలు పుస్తకాలలో చదవడం కన్నా తల్లిదండ్రుల చేతులను చూసి త్వరగా నేర్చుకుంటారు.