ఇప్పచెట్టు కింద ఊడ్చిన నేల

గోదావరి పోటెత్తితే ఛత్తీస్‌గఢ్ సరిహద్దు ఊరు తర్లగూడ నుంచి తెలంగాణ వైపు దారి మూసుకుపోతుంది. నది మట్టం పెరిగినప్పుడు వాగుల నీళ్లు అందులో కలవలేక ఎగదన్నుతాయి. టేకులగూడెం దగ్గర 163వ నంబరు జాతీయ రహదారి మునుగుతుంది. అటు లారీలు అటే, ఇటు బండ్లు ఇటే. అలాంటప్పుడు నీళ్ల అంచున ఎవరో ఒకరు పుల్ల గుచ్చుతారు. గంట తర్వాత వచ్చి చూస్తారు. పుల్ల మునిగితే వరద ఇంకా ఎక్కుతున్నట్టు. పుల్ల చుట్టూ తడి బురద తేలితే తీస్తున్నట్టు. 2022 జూలైలో భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటింది. మూడో ప్రమాద హెచ్చరిక ఇచ్చేది 53 అడుగులకే. అంత నీటిని తొందరపెట్టగల మనిషి ఎక్కడున్నాడు? "ఇక దేవుడి దయ" అని గట్టున కూర్చుంటారు.

ఆ మాట మనమంతా అంటాం. పిల్లకు సంబంధం కుదరనప్పుడు, కోర్టులో కేసు తెమలనప్పుడు, పెట్టుకున్న అర్జీకి ఏళ్లు గడిచినా జవాబు రానప్పుడు. "దేవుడు ఇచ్చే వేళకు ఇస్తాడు." ఈ మాటలో నిజమైన బలం ఉంది. అయితే చేతులు ముడుచుకోవడం అని దానికి అర్థం చెప్పుకుంటే ఆ బలం పోతుంది. తేడా ఎక్కడుందో తర్లగూడ చుట్టుపక్కల అడవిలో కళ్లారా చూడొచ్చు.

మార్చి, ఏప్రిల్ నెలల్లో ఇప్పపూలు రాలతాయి. ఇప్పపువ్వును కొమ్మ మీద నుంచి కోయరు. అది రాత్రి విచ్చి, తెల్లవారుజామున తనంతట తనే రాలాలి. ఎంత అవసరం ఉన్నా, ఇంట్లో గింజ నిండుకున్నా ఆ వేళ చెట్టుదే. మరి మనిషి పనేమిటి? ముందుగానే చెట్టు కింద ఎండుటాకులు ఊడ్చి నేల శుభ్రం చేస్తారు. ఊడవకపోతే పూలు ఆకుల్లో కలిసిపోయి దొరకవు. చీకటి ఉండగానే గంప పట్టుకుని బయల్దేరతారు. ఆలస్యమైతే పశువులు తింటాయి, ఎలుగుబంట్లు తింటాయి. లేతపసుపు రంగులో, వేళ్లకు అంటుకునే తీపితో, నేలంతా పరుచుకున్న పూలను వంగి ఒక్కొక్కటే ఏరతారు. ఎండబోస్తారు. కొంత ఇంటికి, కొంత సంతకు.

దేవుడి వేళను నమ్మడమంటే నాకు ఇంతకన్నా మంచి అర్థం తెలియదు. పువ్వు రాలడం ఆయన పని. నేల ఊడ్చి ఉంచడం, వేకువకే అక్కడ ఉండడం మన పని. ఆయన పని మనం చేయబోతే పచ్చి కొమ్మ విరుగుతుంది. మన పని ఆయనకు వదిలేస్తే రాలిన పువ్వు మట్టిపాలవుతుంది.

ఇక్కడి భక్తిలోనూ ఇదే ఉంది. మేడారంలో సమ్మక్క చిలకలగుట్ట దిగి గద్దెకు వచ్చేది రెండేళ్లకోసారి మహాజాతరకే. 2024 ఫిబ్రవరిలో వచ్చిన తల్లి మళ్లీ వచ్చింది 2026 జనవరిలో. నడుమ మొక్కుకున్నవాళ్లు తల్లి వచ్చే వేళ కోసం నెలలు లెక్కపెట్టుకుంటారు, మొక్కు బెల్లానికి రూపాయి రూపాయి కూడబెడతారు. ఆ ఎదురుచూపు ఖాళీగా ఉండదు.

అయినా ఒక బాధ మిగులుతుంది. చేయాల్సిందంతా చేశాం, ఇంకా వేళ రాలేదు. అప్పుడు కోపం వస్తే? దేవుణ్ని నిలదీస్తే అపనమ్మకమా? చాలామంది ఈ భయంతోనే లోలోపల కుమిలిపోతారు. వాళ్లకు రామదాసని మనం పిలుచుకునే కంచర్ల గోపన్నను గుర్తుచేయాలి. భద్రాచలంలో రాముడికి గుడి కట్టించి, ప్రభుత్వ సొమ్ము వాడాడన్న నేరానికి గోల్కొండ చెరసాలలో పన్నెండేళ్లు మగ్గాడని చెబుతారు. ఆ రామదాసు ఓపికగా మౌనంగా కూర్చోలేదు. ఏ నగకు ఎంత ఖర్చయిందో లెక్కచెప్పి మరీ రాముణ్ని నిలదీశాడు. దెబ్బలు తట్టుకోలేక తిట్టాడు, ఆ వెంటనే క్షమించమని వేడుకున్నాడు. తెలుగువాళ్లు ఆ తిట్లను తప్పుగా ఎంచలేదు. మూడు వందల ఏళ్లుగా భజనల్లో పాడుకుంటున్నారు. వింటున్నాడన్న నమ్మకం ఉన్నవాణ్నే కదా ఎవరైనా నిలదీసేది!

ఒక్క విషయం మాత్రం నేను గట్టిగా చెప్పదలచుకున్నాను. మనుషులు చేయాల్సిన పనిని దేవుడి వేళ అనకూడదు. బిల్లు ఆగడం, రోడ్డు పడకపోవడం, మందు అందకపోవడం మనుషుల ఆలస్యాలు. వాటికి ఓపిక పట్టమని పేదవాడికి దేవుడి పేరు చెప్పడం అన్యాయం. అక్కడ అడగాలి, మళ్లీ మళ్లీ అడగాలి.

జబ్బు విషయంలోనూ అంతే, మనిషి పని మనిషే చేయాలి. తర్లగూడ ఉన్న ఈ బస్తర్‌లో వానలతోపాటు మలేరియా వస్తుంది. దాన్ని తరిమేందుకు ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం 2020 జనవరిలో 'మలేరియా ముక్త్ బస్తర్' పేరుతో ఇల్లిల్లూ తిరిగి రక్తం పరీక్షించే కార్యక్రమం మొదలుపెట్టింది. వేలి మీద ఒక చుక్క రక్తం చాలు, కొద్ది నిమిషాల్లో సంగతి తెలుస్తుంది. బిడ్డ ఒళ్లు జ్వరంతో కాలితే సమ్మక్క తల్లికి మొక్కండి, తప్పు లేదు. కానీ రేపటి దాకా ఆగకండి. తెలంగాణ వైపు దారి మునిగితే భోపాలపట్నం వైపు ఆసుపత్రికి వెళ్లండి. ఆ రోజే రక్తపరీక్ష చేయించండి.