సముద్రం కనిపించని సముద్రపు రోడ్డు

మన తీరం పొడవెంత? బడిలో 974 కిలోమీటర్లని బట్టీపట్టాం. ఇప్పుడు రాస్తే అది తప్పు. కొత్త లెక్కలో ఆంధ్రప్రదేశ్ తీరం 1,053 కిలోమీటర్లు. దేశం మొత్తానికి 7,516 ఉన్నది 11,098 అయింది. సముద్రమేమీ మనకు కొత్త ఒడ్డు రాసివ్వలేదు. పాత లెక్కలో వదిలేసిన చిన్న చిన్న వంపులను, మొగలను, కయ్యలను ఈసారి దగ్గరగా చూసి కలిపారంతే. ఇచ్ఛాపురం నుంచి తడ దాకా సొంత కారులో, సొంత లెక్కతో తీరం వెంట వెళ్లాలనుకునేవాళ్లు ఈ సంగతి ముందే తెలుసుకుంటే మంచిది. ఎక్కడ ఎంత వంపు తిరుగుతారన్న దాన్ని బట్టే మీ కిలోమీటర్లు.

కోల్‌కతా నుంచి చెన్నై పోయే 16వ నంబరు జాతీయ రహదారిని పాతవాళ్లు ఇప్పటికీ ఐదో నంబరు రోడ్డనే అంటారు. మ్యాపులో నీలం రంగును ఆనుకుని ఉన్నట్టే ఉంటుంది. తీరా వెళ్తే మన రాష్ట్రంలో దాదాపు వెయ్యి కిలోమీటర్లలో అలల చప్పుడు వినపడే చోటే అరుదు. సముద్రం కావాలంటే రోడ్డు దిగాలి. దిగిన ప్రతిసారీ మళ్లీ ఎక్కాలి.

అందుకే ప్రయాణం ఉత్తరం నుంచి దక్షిణానికి పెట్టుకోండి. మన బండి నడిచేది ఎడమ పక్కన, దక్షిణంగా పోతుంటే సముద్రం ఉండేదీ ఎడమ పక్కనే. ఏ రేవుకు దిగాలన్నా ఎదురొచ్చే లారీలను దాటనక్కర్లేదు, డివైడర్‌కు సందు ఎక్కడుందా అని వెతకనక్కర్లేదు. చెన్నై వైపు నుంచి వచ్చేవాళ్లు మాత్రం రోజంతా యూటర్న్‌లు కొట్టాల్సిందే.

ఎక్కడ దిగాలో ఊళ్ల పేర్లే చెబుతాయి. కళింగపట్నం, భీమునిపట్నం, విశాఖపట్నం, మచిలీపట్నం, నిజాంపట్నం, కొత్తపట్నం, రామాయపట్నం, కృష్ణపట్నం. పట్నమంటే ఇప్పుడు మనకు పెద్ద ఊరు. ఈ తీరంలో మాత్రం ఓడలు ఆగే ఊరు. ఈ ఎనిమిదింటిలో కొన్నిచోట్ల ఇప్పటికీ ఓడలున్నాయి. కళింగపట్నంలో వంశధార మొగ, లైట్‌హౌసు, చేపల వలలు మిగిలాయి. పేరు చివర పాలెం ఉంటే చాలావరకు పడవలుంటాయి, రేవు ఉంటే ఒకప్పుడైనా ఉండేవి.

కొండల పేర్లూ అంతే. విశాఖ నుంచి భీమిలి పోయే బీచ్ రోడ్డు మీద తొట్లకొండ వస్తుంది. కొండ మీద బౌద్ధ భిక్షువులు వాననీటి కోసం రాతిలో తొలిచిన తొట్లున్నాయి కాబట్టి ఆ పేరు. పక్కనున్న బావికొండకు బావుల వల్ల వచ్చింది. ఊరివాళ్లు తరతరాలుగా పేరులోనే చిరునామా చెబుతున్నా, తొట్లకొండ ఆరామం లోకానికి తెలిసింది నౌకాదళం స్థావరం కోసం విమానంలో సర్వే చేసినప్పుడు!

ఆ పాతిక ముప్ఫై కిలోమీటర్ల ముక్కే మొత్తం దారిలో నాకు ఇష్టమైనది. సముద్రం అడుగడుగునా పక్కనే ఉంటుంది. దారిలోనే ఎర్రమట్టి దిబ్బలు. పేరులో మట్టి ఉన్నా అది ఇసుక. గాలీ సముద్రమూ వేల ఏళ్ల పాటు పోగేసిన ఇసుకలోని ఇనుము తుప్పుపట్టి ఎర్రబడింది. వాన దాన్ని లోయల్లా కోసింది. 2014లో జాతీయ భూవారసత్వ స్థలంగా గుర్తించారు. 2025లో తిరుమల కొండలతో పాటు యునెస్కో తాత్కాలిక జాబితాకూ ఎక్కింది. కాలు పెడితే జారిపోయే దిబ్బ అది, దయచేసి బైకు ఎక్కించకండి. భీమిలిలో డచ్చివాళ్ల సమాధులు చూడొచ్చు. ఆ ఊరు మున్సిపాలిటీ అయింది 1861లో.

విశాఖ బీచ్‌లో నీళ్లకు బదులు ఇసుక మీద ఉన్న జలాంతర్గామి కురుసుర. 1969లో నౌకాదళంలో చేరి, 2001లో విరమణ పొంది, మరుసటేడు మ్యూజియమైంది. లోపల నడుము వంచి నడవాలి. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లను తీసుకెళ్లేటప్పుడు గుర్తుంచుకోండి.

ఎప్పుడు బయల్దేరాలి? పంచాంగం కంటే ఈ తేదీలు చూడండి. 1839 నవంబరు 25, కోరంగి. 1864 నవంబరు 1, బందరు, దాదాపు 30 వేల ప్రాణాలు. 1977 నవంబరు 19, దివిసీమ, పదివేలకు పైగా. 1996 నవంబరు 6, కోనసీమ. 2014 అక్టోబరు 12, హుద్‌హుద్. 2018 అక్టోబరు 11, తిత్లీ. నైరుతి వానలు వెనక్కి తగ్గాక కూడా బంగాళాఖాతం నీరు వేడిగానే ఉంటుంది, ఆ వేడే తుపానుకు మేత. దసరా, దీపావళి సెలవులు సరిగ్గా ఈ కాలంలోనే పడతాయి. గాలిని తుపాను అనీ, ఆ గాలి తోసుకొచ్చే సముద్రాన్ని ఉప్పెన అనీ మనవాళ్లు విడివిడిగా పేర్లు పెట్టుకున్నారు. దివిసీమలో మనుషుల్ని మింగింది రెండోదే.

‘ఓడరేవుల్లో మూడో నంబరు ప్రమాద హెచ్చరిక’ అని పేపర్లో చదువుతాం కదా. ఆ నంబర్లు 1 నుంచి 11 దాకా ఉంటాయి. మొదటి రెండూ తుపాను ఎక్కడో దూరంగా సముద్రంలో ఉందని. 3, 4 అంటే రేవుకు ఈదురుగాలుల భయం. 5 నుంచి ప్రమాదం, 8 నుంచి 10 దాకా పెనుప్రమాదం. మరి 11? తుపాను హెచ్చరిక కేంద్రంతో సంబంధాలు తెగిపోయాయని! మూడు కనిపించినప్పుడే మనలాంటి కార్లవాళ్లు ఇంటిదారి పట్టడం మేలు.

డిసెంబరు చివర నుంచి ఫిబ్రవరి దాకా నిశ్చింత. చేపల కోసమే వెళ్లేవాళ్లు ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు ఆలోచించుకోవాలి. ఆ 61 రోజులు చేపలు గుడ్లు పెట్టే కాలమని మరబోట్లకు వేట నిషేధం. నిషేధం లేని చిన్న తెప్పలవాళ్లు తెచ్చిన నాలుగు చేపలకు రేవులో గిరాకీ చూడాలి. హోటల్లో ‘తాజా’ అన్నారంటే ఏ పడవ తెచ్చిందని అడగండి.

కత్తిపూడి దగ్గర దారి చీలుతుంది. తొందరున్నవాళ్లు 16 మీదే పోతారు. తీరం కావలసినవాళ్లు ఎడమకు తిరిగి 216వ నంబరు రోడ్డు పట్టాలి. కాకినాడ, అమలాపురం, నరసాపురం, బందరు, రేపల్లె, బాపట్ల, చీరాల మీదుగా వెళ్లి ఒంగోలు దగ్గర మళ్లీ పెద్దరోడ్డులో కలుస్తుంది.

కాకినాడ–ఉప్పాడ బీచ్ రోడ్డు ఉందో లేదో ముందు రోజు కనుక్కుని వెళ్లండి. పరిహాసానికి అనడం లేదు. తుపాను వచ్చినప్పుడల్లా సముద్రం దాన్ని కొరికేస్తుంది, బండరాళ్లు పోసి మళ్లీ వేస్తారు. ఉప్పాడ జాందానీ చీరలు అందరికీ తెలుసు. తుపాను వెలిసిన మర్నాడు ఊరివాళ్లు ఒడ్డున ఇసుక జల్లించి బంగారం రవ్వలు ఏరుకోవడం చాలామందికి తెలియదు. సముద్రంలో కలిసిపోయిన పాత ఇళ్లవీ గుళ్లవీ అని వాళ్ల నమ్మకం.

కాకినాడ దాటితే కోరంగి. ఇప్పుడు మడ అడవి చూడ్డానికి వెళ్తాం కానీ, ఒకప్పుడు అది ఓడలు కట్టిన ఊరు. ఇక్కడి నుంచి పొట్టకూటికి రంగూను ఓడెక్కినవాళ్లు ఎంతమందంటే, బర్మాలో తెలుగువాళ్లందరికీ కోరంగీలనే పేరు పడిపోయింది. శ్రీకాకుళం నుంచి వెళ్లినా, విశాఖ నుంచి వెళ్లినా అక్కడ కోరంగీనే.

కోరంగి తర్వాత యానాం. రాష్ట్రం మారిపోతుంది! 30 చదరపు కిలోమీటర్ల ఈ ముక్క పుదుచ్చేరిది, 1954 దాకా ఫ్రెంచివాళ్లది. పెట్రోలు పన్ను తక్కువని చుట్టుపక్కల బళ్లన్నీ ఇక్కడికొచ్చి ట్యాంకు నింపుకోవడం ఏళ్లుగా ఉన్న అలవాటు, మీరూ కాకినాడలో నింపకండి. 1929లో శారదా చట్టం బాల్యవివాహాలను అడ్డుకుంటే, ఆ చట్టం చెల్లని యానాంకు పెళ్లివారు బళ్లు కట్టుకుని వచ్చేవారు. ఆ రోజుల్లో దీనికి కల్యాణపురమని పేరు. వేడుకగా ఉంది కానీ, ఆ పిల్లల సంగతి తలుచుకుంటే నవ్వు రాదు.

యానాం నుంచి గౌతమిని, బోడసకుర్రు దగ్గర వైనతేయను, దిండి–చించినాడ దగ్గర వశిష్ఠను దాటాలి. మూడింటికీ వంతెనలున్నాయి. అయినా ఒక్కచోట వంతెన మానేయమంటాను. సఖినేటిపల్లి రేవుకు వెళ్లి కారును పంటు ఎక్కించి నరసాపురంలో దిగండి. కార్లూ, మోటారుసైకిళ్లూ, కొబ్బరికాయల బస్తాలూ, కాలేజీ పిల్లలూ ఒకే బల్లకట్టు మీద గోదారి దాటుతారు. పక్కన నిలబడ్డ ఏ ముసలాయన్నైనా ఇక్కడ కట్టాల్సిన వంతెన గురించి అడిగితే పంటు అవతలొడ్డు చేరేదాకా చెబుతూనే ఉంటాడు. దారిలో పాశర్లపూడి పేరు వింటే 1995 గుర్తుచేసుకోండి. అక్కడి గ్యాసు బావి బ్లోఅవుట్ 65 రోజులు మండింది. రాత్రి దీపం అక్కర్లేకుండా గడిపామని కోనసీమలో ఇప్పటికీ చెప్పుకుంటారు.

బందరు అంటేనే పారశీకంలో రేవు. ఇంగ్లిషువాళ్లు 1611లో వర్తకం మొదలుపెట్టింది ఇక్కడే. పెడనలో కలంకారీ అద్దకం చూసి, లడ్డూ పెట్టె కారులో పెట్టుకుని కదలండి.

చీరాల దాటాక మోటుపల్లి బోర్డు చూసి ఎడమకు తిరిగేవాళ్లు తక్కువ. నన్నడిగితే ప్రయాణమంతటికీ గుండెకాయ ఆ పల్లె. తుపానుకు కొట్టుకొచ్చిన ఓడలోని సరుకంతా రాజులు లాక్కునే రోజుల్లో, 1244 ప్రాంతంలో కాకతీయ గణపతిదేవుడు ఇక్కడ అభయ శాసనం వేయించాడు. సుంకం తప్ప మరేమీ తీసుకోమని పరదేశి వర్తకులకు మాటిచ్చాడు. ఆ శతాబ్దం చివర్లో వచ్చిన మార్కోపోలో ముత్ఫిలి అని రాసుకున్న రాజ్యం పేరు ఈ రేవుదే. అంత పేరున్న రేవులో ఇప్పుడు ఓ పాత గుడి ఉంది, రాతి మీద అక్షరాలున్నాయి, టీ కొట్టు కూడా వెతుక్కోవాలి. తిరుగుదారిలో వేటపాలెం జీడిపప్పు కొని, 1918లో పుట్టిన సారస్వత నికేతనం గ్రంథాలయంలో ఓ గంట కూర్చోవచ్చు.

పెద్దరోడ్డునే నమ్ముకున్నవాళ్లకూ ఒక విశేషం మిగిలింది. ఒంగోలుకు ముందు కొరిశపాడు దగ్గర రోడ్డు ఉన్నట్టుండి వెడల్పై, నాలుగు కిలోమీటర్ల పాటు గీత గీసినట్టు ఉంటుంది. అత్యవసరమైతే యుద్ధ విమానాలు దిగడానికి కట్టిన రన్‌వే అది. 2022 డిసెంబరులోనూ, 2024 మార్చిలోనూ వైమానిక దళం అక్కడ విన్యాసాలు చేసింది. దాని మీద కారు దౌడు తీయించాలని చేతులు దురద పెడతాయి. కెమెరాలుంటాయి.

నెల్లూరులో చేపల పులుసు సంగతి నేను చెప్పక్కర్లేదు. సూళ్లూరుపేటలో ఎడమకు తిరిగితే పులికాట్ సరస్సు మధ్య నుంచి శ్రీహరికోటకు రోడ్డు. చిల్కా తర్వాత దేశంలో ఇంత పెద్ద ఉప్పునీటి సరస్సు ఇదే. జనవరిలో అయితే రెండు పక్కలా మోకాలి లోతు నీళ్లలో ఫ్లెమింగోలు ముక్కులు తలకిందులుగా ముంచి మేస్తుంటాయి. కారు ఆపి అద్దం దించితే చాలు, తలుపు చప్పుడు చేస్తే లేచిపోతాయి. ఆ నీళ్లన్నీ దాటాక అవతల శ్రీహరికోట దీవి, దాని అవతల సముద్రం. పాసు లేనివాళ్లను గేటు దగ్గరే ఆపేస్తారు. ఇచ్ఛాపురం నుంచి ఇంత దూరం వచ్చి, అడవి వెనక ఉన్న ఆ చివరి సముద్రాన్ని చూడకుండానే కారు వెనక్కి తిప్పుకోవాలి.