అద్దె సర్వరులో పెర్ల్

కాలిఫోర్నియాలోని డబ్లిన్‌లో ఒక తెలుగు సంఘం ఉగాది టిక్కెట్లను పెర్ల్ భాషలో వ్రాసిన ప్రోగ్రాముతో విక్రయిస్తున్నదనుకుందాం. నిధులు స్వల్పం గనుక అది ఇతరుల సైట్లతో కలిసి ఒకే అద్దె సర్వరు మీద నడుస్తుంది. అద్దెకున్నవారు పెరట్లో బావి త్రవ్వుకోలేరు. అట్లే సర్వరు అమరికను మార్చే అధికారం సంఘానికి లేదు. ప్రోగ్రామును ఎల్లవేళలా మేల్కొలిపి ఉంచే మాడ్‌పెర్ల్ సాధారణంగా అక్కడ లభించదు. మిగిలేది సీజీఐ పద్ధతి.

ఇందులో ప్రతి విన్నపానికీ పెర్ల్ కొత్తగా పుట్టి, మాడ్యూళ్ళన్నీ చదువుకొని, జవాబిచ్చి అంతరిస్తుంది. ప్రతి దోసెకూ పొయ్యి మళ్ళీ వెలిగించినట్లన్నమాట! పదిమంది వస్తే ఇబ్బంది లేదు. టిక్కెట్లు తెరచిన నిమిషంలోనే మూడు వందల మంది వస్తే సర్వరు చతికిలబడవచ్చు. డబ్బు చెల్లించిన కుటుంబానికి రసీదు అందకపోవచ్చు. అందుచేత కార్యక్రమ వివరాల వంటి మారని పుటలను ముందే హెచ్‌టీఎంఎల్ ఫైళ్ళుగా తయారుచేసి, పెర్ల్‌ను నమోదుకు మాత్రమే వినియోగించడం మేలు.

మరొక చిక్కు ఉన్నది. 2015లో వెలువడిన పెర్ల్ 5.22 నుండి సీజీఐ మాడ్యూలును మూల పంపిణీలో చేర్చడం లేదు. సర్వరు యజమాని పెర్ల్‌ను నవీకరించిన నాడు పాత ప్రోగ్రాము 500 సంఖ్య గల దోషం చూపి ఆగిపోవచ్చు. లోకల్‌లిబ్ సాయంతో ఆ మాడ్యూలును సంఘం తన సొంత డైరెక్టరీలోనే స్థాపించుకోవచ్చు. దానికి యజమాని అనుమతి అక్కరలేదు.