ముఖం మారిన వీరులు

గుడియాత్తంలో ఏటా వైకాశి మాసం మొదటి రోజున, అంటే మే నెల నడుమ, గంగమ్మ శిరస్సు ఉత్సవం జరుగుతుంది. ముత్యాలమ్మ గుడి నుంచి (ఆ పేరులోనే తెలుగు కనిపిస్తుంది) అమ్మవారి తలను ఊరేగింపుగా తెచ్చి, గంగమ్మ గుడిలో సిద్ధంగా ఉన్న మొండేనికి అమరుస్తారు. పేర్ణాంబట్టు, రాయవేలూరు వైపుల నుంచే కాక ఆంధ్ర, కర్ణాటక ప్రాంతాల నుంచి కూడా జనం వస్తారు. ఆ మొండెం చండాలస్త్రీదని అక్కడ అందరికీ తెలుసు. పరశురాముడు తండ్రి మాట మీద తల్లి రేణుకను నరికినప్పుడు, ఆమెతో పాటు మరొక స్త్రీ తల కూడా తెగిపడింది. తిరిగి బతికించేటప్పుడు తలలు తారుమారయ్యాయి. రేణుక తల చండాలస్త్రీ దేహానికి అతికింది. ఆ రూపానికే ఊరు మొక్కుతుంది.

ఈ కథ చాలా దూరం పోయింది. జర్మన్ కవి గోథే 1820లలో దీన్ని తన కవితల్లోకి తీసుకున్నాడు. మా దృష్టిని ఆకర్షించింది మాత్రం వేరొక అంశం. కొన్ని కథనాల్లో ఆ రెండో స్త్రీ కూడా వేరొక గ్రామదేవత అవుతుంది. అయినా ఆమె సొంత పేరు సాధారణంగా వినిపించదు. తల ఎవరిదో పేరూ వారిదే అయింది. ఒళ్లు ఇచ్చినామె పేరు లేనిదైంది.

పేరు ఒకరిది, ఒళ్లు మరొకరిది అయితే ఆ వ్యక్తి ఎవరు? సరిగ్గా ఇదే ప్రశ్న మీద అమెరికా బొమ్మల కథల పాఠకులు చాలాకాలంగా తగవు పడుతున్నారు. అందరూ ఎరిగిన సూపర్ హీరో పేరు, దుస్తులు, శక్తులు అలాగే ఉంచి అతని జాతిని మార్చవచ్చునా, మార్చితే అతడు అతడేనా అన్నది వారి తగవు. మన విద్యార్థుల్లో చాలామందికి ఈ వీరులు సినిమాల ద్వారా పరిచయమే కాబట్టి, ఈ మార్పు ఎట్లా జరుగుతుందో ఇక్కడ కొంత వివరిస్తాం.

సూపర్‌మాన్ 1938లో, బ్యాట్‌మాన్ 1939లో, కెప్టెన్ అమెరికా 1941లో, స్పైడర్‌మాన్ 1962లో పుట్టారు. అందరూ తెల్లవారే. ఆనాటి ప్రచురణకర్తల ఊహలో పాఠకుడు తెల్లవాడు కాబట్టి వీరుడూ తెల్లవాడయ్యాడు. తరవాత కాలం మారింది, పాఠకులు మారారు. అయితే కొత్త వీరుణ్ణి సృష్టించి నిలబెట్టడం కష్టం. పాత అంగడి పేరుకు ఉన్న గిరాకీ కొత్త బోర్డుకు రాదు. అందువల్ల పేరు ఉంచి మనిషిని మార్చే పద్ధతి వచ్చింది.

ఇందులో రెండు దారులు ఉన్నాయి. వాటిని కలిపేసి మాట్లాడటం వల్లనే వాదం ఎక్కువగా చిక్కుపడుతున్నదని మా అభిప్రాయం. మొదటిది వారసత్వం. పాత వీరుడు చనిపోతాడు, లేదా తప్పుకుంటాడు. అతని బిరుదును మరొకరు ధరిస్తారు. గ్రీన్ లాంటర్న్ అనే పదవికి 1971లో జాన్ స్టీవర్ట్ అనే నల్లజాతి యువకుడు వచ్చాడు. ఐరన్‌మాన్ కవచాన్ని 1983లో జేమ్స్ రోడ్స్ తొడుక్కున్నాడు. 2011లో ఒక కథాక్రమంలో పీటర్ పార్కర్ మరణించాక, నల్లజాతి తండ్రికీ పోర్టోరికో తల్లికీ పుట్టిన మైల్స్ మొరాలెస్ అనే కుర్రవాడు స్పైడర్‌మాన్ అయ్యాడు. ఇక్కడ ఎవరి జాతీ మారలేదు. ముసుగు చేతులు మారింది, అంతే.

రెండో దారి అసలు మనిషినే మార్చడం. 1967లో టెలివిజన్ బ్యాట్‌మాన్‌లో క్యాట్‌వుమన్ పాత్రను అంతకుముందు తెల్లనటి ధరించగా, ఆ తరవాత నల్లజాతి గాయని అర్థా కిట్ ధరించింది. కథలో అందుకు కారణమేమీ చెప్పలేదు, చెప్పవలసిన అవసరమూ కనిపించలేదు. 1963లో తెల్లవాడుగా పుట్టిన నిక్ ఫ్యూరీని 2001లో మొదలైన కొత్త కథాక్రమంలో నల్లవాడుగా చూపారు. 2002లో అతణ్ణి నటుడు శామ్యూల్ జాక్సన్ పోలికలతో గీశారు. 2008లో ఆ నటుడే తెర మీద ఆ పాత్ర ధరించాడు. ఇప్పుడు చాలామందికి పాత నిక్ ఫ్యూరీ ముఖం గుర్తే లేదు. దీనికి భిన్నంగా, 2015లో వచ్చిన ఫెంటాస్టిక్ ఫోర్ సినిమాలో జానీ స్టార్మ్ పాత్రను నల్లజాతి నటుడు మైకేల్ జోర్డాన్‌కు ఇచ్చినప్పుడు పెద్ద రగడ జరిగింది. బొమ్మల కథల్లో జానీకి అక్క అయిన స్యూ తెల్లగానే ఉండిపోయింది. అందుకని సినిమాలో ఆమెను దత్తత బిడ్డను చేశారు.

అభ్యంతరం చెప్పేవారందరినీ జాతిద్వేషులని కొట్టిపారేయడం తేలిక. కొందరు అట్టివారే. కానీ చిన్ననాటి నుంచి ఒక ముఖాన్ని తనదిగా చూసుకున్న పాఠకుడి బాధ నిజమైనదే. అయితే ఆ ముఖాల్లో ఏనాడూ తనను చూసుకోలేకపోయిన పాఠకుడి బాధ అంతకంటె పాతది. వారసత్వ దారి ఈ ఇద్దరికీ సర్ది చెప్పేదిగా కనిపిస్తుంది కానీ అందులోనూ ఒక లోటు ఉంది. కొత్తవాడు ఎప్పుడూ రెండోవాడే. మైల్స్ లేవాలంటే పీటర్ పడాలి.

రంగు మార్పుతో పాటు బతుకు కూడా మారిందా అన్నది మాకు ముఖ్యమైన ప్రశ్న. 2003లో రాబర్ట్ మొరాలెస్ రాయగా కైల్ బేకర్ బొమ్మలు గీసిన ఒక కథలో, కెప్టెన్ అమెరికాకు బలమిచ్చిన మందు కోసం నల్లజాతి సైనికుల మీద ప్రయోగాలు చేశారని చూపారు. ఆ ప్రయోగంలో మిగిలిన ఐసయా బ్రాడ్లీ చేసిన సాహసానికి దక్కిన బహుమతి జైలు. దీని వెనుక టస్కిగీలో 1932 నుంచి 1972 వరకు నల్లజాతి రోగులకు వైద్యం అందకుండా చేసి సాగించిన నిజమైన పరిశోధన ఉంది. ఇక్కడ రంగు మారగానే కథ మొత్తం మారింది. కథనంలో ఒళ్లు ఇచ్చినవాడికి పేరు దక్కింది.

మన దగ్గర కూడా ఇటువంటివి లేకపోలేదు. 1980లో ఎన్.టి. రామారావు ‘సూపర్‌మాన్’ అనే తెలుగు సినిమాలో నటించారు. అందులో వీరుడి శక్తులు వేరే గ్రహం నుంచి రాలేదు, ఆంజనేయుడి అనుగ్రహంగా వచ్చాయి. అమెరికా సూపర్‌మాన్‌ను తెలుగువాణ్ణి చేసినందుకు తెలుగు ప్రేక్షకులకు ఏ బాధా కలగలేదు. తనది అనుకున్నవాడికే నొప్పి కాబట్టి ఇందులో వింత లేదు. 2004లో మన దేశంలో తయారైన స్పైడర్‌మాన్ ఇండియా కథలో పీటర్ పార్కర్ పవిత్ర్ ప్రభాకర్ అయ్యాడు. ఉపకార వేతనం మీద పల్లె నుంచి ముంబయికి చదువుకు వచ్చి, ధోవతి చూసి తోటివాళ్లు నవ్వుతుంటే సహించే కుర్రవాడు. శక్తులు సాలీడు కాటు వల్ల రాలేదు, ఒక యోగి ఇచ్చాడు. యోగి మాట పక్కన పెట్టినా ఆ ధోవతి కుర్రవాణ్ణి మాత్రం నమ్మగలం. సొంత ఊరు దాటి చదువుకుంటున్న మన విద్యార్థులకు అతడు పరాయివాడు కాడు.

ఇక తమిళనాట తెలుగువారికి ఇంకా దగ్గరైన ఉదాహరణ ఉంది. అది బొమ్మల కథలోనిది కాదు, చరిత్రలోనిది. పాంచాలంకురిచ్చి పాలెగాడు వీరపాండ్య కట్టబొమ్మన్‌ను ఆంగ్లేయులు 1799 అక్టోబరు 16న కయత్తారులో ఉరితీశారు. ఆయన తెలుగు మాట్లాడే రాజకంబళ నాయకుల కులానికి చెందినవాడు. ‘గెట్టి బొమ్ము’ అన్న తెలుగు మాటే కట్టబొమ్మన్ అయిందని చెబుతారు. 1959లో బి.ఆర్. పంతులు దర్శకత్వంలో వచ్చిన తమిళ సినిమాలో శివాజీ గణేశన్ ఆ పాత్ర ధరించారు. అప్పటి నుంచి కట్టబొమ్మన్ అంటే ఆ మీసం, ఆ గర్జన, ఆ తమిళం. ఇంటి తెలుగు ఎవరికీ గుర్తులేదు.

దీన్ని దొంగతనమని మేము అనం. ఆయన గడ్డ తిరునల్వేలి సీమ, ఆయనను ఆడి పాడి బతికించింది తమిళ జానపదులు. సినిమాకు ముందే ఆయన వారి వీరుడు. ఇతర భాషల వీరులను మన తెలుగు సినిమా కూడా ఇట్లాగే ఒడిలో వేసుకుంది. 1957 నాటి ‘మాయాబజార్’ తెలుగులో శశిరేఖ పెళ్లి, తమిళంలో అదే సావిత్రి వత్సల అయింది. అభ్యంతరం ఉంటే ఒకటే. ఒక వీరుడు రెండు భాషల వాడు అయి ఉండవచ్చునని చెప్పే వీలు ఉండగా, ఒక భాషను పూర్తిగా మరచిపోవడం. మైల్స్ మొరాలెస్ కథలో తల్లి స్పానిష్ మాట్లాడుతుంది. కట్టబొమ్మన్ సినిమాలో అంతఃపురం కూడా తమిళమే మాట్లాడుతుంది.

ఆ సినిమా తెలుగులోకి కూడా వచ్చింది, అనువాద చిత్రంగా. తెలుగింటి బొమ్ము తిరిగి తెలుగులోకి వచ్చేసరికి బొమ్ముగా రాలేదు. ‘వీరపాండ్య కట్టబ్రహ్మన’ అని పేరు పెట్టారు.